గ్రహశాస్త్రంలో పరిశోధన చేయడానికి జియాలజీ చదువు సరిపోతుందా? మన దేశంలో అవకాశాలున్నాయా?

మీరు అడిగింది ఇదీ: ఎమ్మెస్సీ జియాలజీ మొదటి సంవత్సరంలో ఉన్నారు. చంద్రుడి మీదో అంగారకుడి మీదో పరిశోధన చేయాలని ఉంది. అది ఫిజిక్స్ వాళ్ల పని అని ఒకరు, అమెరికా వెళ్తే తప్ప కుదరదని ఇంకొకరు, ఐఐటీ ముద్ర లేకపోతే ఎవరూ పిలవరని మరొకరు చెప్పారు. నేనూ మీలాగే రాష్ట్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ చదివాను. ఆ తర్వాత చంద్రుడి ఖనిజాల మీద పీహెచ్‌డీ చేశాను, అదీ ఇక్కడే, మన దేశంలోనే. ఆ మూడు మాటల్లో ఏదీ నిజం కాదు. కాకపోతే దారి కొంచెం పొడవు. అది కూడా దాచకుండా చెబుతాను.

మాది చీమకుర్తి దగ్గర పల్లె. నాన్న గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. నల్లటి పలక మీద బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మీరు చూసే ఉంటారు, అది మా దగ్గరిదే. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అసలు గ్రానైటే కాదని నాకు ఎమ్మెస్సీకి వచ్చాక గానీ తెలియలేదు. అది గాబ్రో, నోరైట్ జాతి రాయి. అందులో ఎక్కువ భాగం ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ అనే ఖనిజాలు. ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఒక రకం పైరాక్సీన్. ప్రాక్టికల్స్‌లో దాని ముక్కని గాజు పలకకి అంటించి, కార్బోరండం పొడితో అరగదీసి, 0.03 మిల్లీమీటర్ల మందానికి తెచ్చాం. ఆ మందంలో రాయి గుండా వెలుతురు పోతుంది. మైక్రోస్కోప్ కింద పెట్టి స్టేజి తిప్పుతుంటే ప్లాజియోక్లేజ్‌లో నలుపు తెలుపు చారలు, ఒకటి ఆరిపోతుంటే పక్కది వెలుగుతూ కనిపించాయి. అదే రోజు మా సార్ అపోలో యాత్రలు తెచ్చిన ఒక చంద్రశిల సెక్షన్ ఫొటో చూపించారు. అవే చారలు. చంద్రుడి ఎత్తైన ప్రాంతాల్లోనూ నోరైట్ ఉందని ఆ రోజే విన్నాను. నాన్న చొక్కాకి రోజూ అంటుకుని ఇంటికొచ్చే పొడిలో ఉన్న ఖనిజాలే అక్కడా ఉన్నాయని తెలిశాక ఇంక నాకు వేరే సబ్జెక్ట్ మీదికి మనసు పోలేదు.

ఫిజిక్స్ వాళ్లకే అన్న మాటకి ఇదే నా సమాధానం. పరికరం తయారు చేయడానికి ఫిజిక్స్, ఇంజినీరింగ్ కావాలి. అది పంపినదాన్ని చదవడానికి రాళ్లు తెలిసినవాళ్లు కావాలి. ఈ మధ్య వచ్చిన పెద్ద ఫలితాలు చూడండి, దాదాపు అన్నీ రాళ్ల కథలే. చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ 103 మీటర్లు తిరిగి, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ (పీఆర్ఎల్) తయారుచేసిన ఎక్స్-రే పరికరంతో 23 చోట్ల మట్టిని కొలిచింది. ఆ మట్టి ప్రధానంగా అనార్థొసైట్ జాతిదని, అంటే ఎక్కువ భాగం ప్లాజియోక్లేజ్ ఉండే రాయి నుంచి వచ్చిందని తేలింది. చంద్రుడు పుట్టిన కొత్తలో పైభాగమంతా కరిగిన శిలాద్రవంగా ఉండేదని, తేలికైన ప్లాజియోక్లేజ్ పాల మీద మీగడలా పైకి తేలి గట్టిపడిందని ఒక సిద్ధాంతం ఉంది. అపోలో, సోవియట్ లూనా యాత్రలు తెచ్చిన రాళ్లు చంద్రుడి మధ్యరేఖ చుట్టుపక్కలవీ మధ్య అక్షాంశాలవీ. ఆ సిద్ధాంతానికి దక్షిణాన అంత దూరంలో నేల మీద కొలిచిన ఆధారం ఇదే మొదటిది.

చంద్రయాన్-3 ల్యాండర్‌లోని ఛేస్ట్ అనే పరికరం నేలలోకి 10 సెంటీమీటర్ల దాకా దిగి ఉష్ణోగ్రతలు కొలిచింది. ఆ ఫలితం నాకు ఇంకా ఇష్టం. ల్యాండర్ ఉన్నచోట నేల సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉంది, అక్కడ పైపొర 82 డిగ్రీల సెల్సియస్. మీటరు దూరంలో చదునుగా ఉన్నచోట 60 లోపే. ఒక్క మీటరుకి అంత తేడా! అంటే అంత ఎత్తు అక్షాంశాల్లో నేల వాలును బట్టే అంతా మారిపోతుంది. ధ్రువం వైపు 14 డిగ్రీలకి మించి వాలిన చోట్ల తక్కువ లోతులోనే మంచు నిలిచి ఉండొచ్చని ఆ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అలాంటి వాలులు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపులు వేసి వెతకడం జియాలజీ విద్యార్థి చేయగల పని.

బయటి దేశాల సంగతీ అంతే. చైనా చాంగ్'ఇ-6 2024 జూన్‌లో చంద్రుడి అవతలి వైపు నుంచి 1,935 గ్రాముల మట్టి తెచ్చింది, అక్కడి బసాల్ట్ (లావా గట్టిపడిన రాయి) వయసు 280 కోట్ల సంవత్సరాలని తేలింది. నాసా ఒసైరిస్-రెక్స్ 2023లో బెన్నూ అనే గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు తెచ్చింది. అందులో జీవులు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14, పైగా ఉప్పునీరు ఆవిరైపోతే మిగిలే లవణాలు దొరికాయి. అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్ చూసిన చిరుతపులి మచ్చల రాయి గురించి 2025 సెప్టెంబరులో పేపర్ వచ్చింది. ఆ మచ్చల్లో వివియనైట్, గ్రీగైట్ అనే ఇనుప ఖనిజాల జాడలున్నాయి. వాటిని సూక్ష్మజీవులే చేశాయా, మామూలు రసాయన చర్యలు చేశాయా అన్నది తేలాలంటే ఆ ముక్క భూమికి రావాలి.

ఇప్పుడు నా దారి. ఎమ్మెస్సీ అయ్యాక మొదటి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నన్ను తీసుకోలేదు. ఏ యాత్ర ఏ తేదీన బయలుదేరిందో అన్నీ బట్టీపట్టి వెళ్లాను. వాళ్లు అడిగింది ఒకే ప్రశ్న: పైరాక్సీన్ స్పెక్ట్రమ్‌లో 1 మైక్రాన్ దగ్గర, 2 మైక్రాన్ల దగ్గర లోయలు ఎందుకొస్తాయి? నాకు తెలియలేదు. స్పెక్ట్రమ్ అంటే రాయి ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతిని తిప్పి పంపుతుందో చూపే గ్రాఫ్, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైరాక్సీన్ స్ఫటికంలో కూర్చున్న ఇనుము అయాన్లు ఆ తరంగదైర్ఘ్యాల కాంతిని మింగేస్తాయి, అందుకు. ఆలివిన్ అనే ఇంకో ఖనిజానికి 1 మైక్రాన్ దగ్గర ఒకటే వెడల్పాటి లోయ ఉంటుంది, 2 దగ్గర ఉండదు. లక్షల కిలోమీటర్ల దూరం నుంచి రాయిని గుర్తుపట్టడమంటే ఇదే. ఆ రోజు రైల్లో తిరిగొస్తూ ఏడ్చాను. కానీ ఆ ప్రశ్నే తర్వాత నా థీసిస్ అయింది.

ఆ తర్వాత ఏడాది ఇంట్లోనే ఉన్నాను. సంబంధాలు చూడమంటారా అని అమ్మ అడుగుతుండేది. నెట్ పరీక్షకి చదువుతూ సాయంత్రాలు ల్యాప్‌టాప్‌లో చంద్రుడి ఫొటోలు చూసేదాన్ని. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా ఎల్ఆర్ఓ నౌక 2009 నుంచి తీస్తున్న ఫొటోలు అందరికీ ఉచితం, ఒక్కో పిక్సెల్ అర మీటరు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఒక లావా మైదానంలో చిన్న గడి గీసి ఉల్కలు గుద్దిన బిలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఎంత చూసినా బిలాలు గుంటల్లా కాక బొబ్బల్లా పైకి ఉబ్బి కనిపించాయి. వెలుతురు పైనుంచి పడుతుందని మన కన్ను అనుకుంటుంది, ఆ ఫొటోలో ఎండ కిందివైపు నుంచి వస్తోంది. ఫొటోని తలకిందులు చేయగానే బొబ్బలన్నీ ఒక్కసారిగా లోపలికి కుంగిపోయి గుంటలయ్యాయి. ఆ నెలలో 600 పైచిలుకు బిలాలకి గీతలు గీశాను. బిలాలు ఎంత ఎక్కువుంటే నేల అంత పాతది. ఆ లెక్కని సంవత్సరాల్లోకి మార్చే కొలబద్ద అపోలో, లూనా రాళ్ల నుంచి వచ్చింది. 300 కోట్ల నుంచి 100 కోట్ల సంవత్సరాల మధ్య అందులో పెద్ద ఖాళీ ఉండేది. చాంగ్'ఇ-5 తెచ్చిన 200 కోట్ల ఏళ్ల బసాల్ట్, ఇప్పుడీ 280 కోట్లది ఆ ఖాళీలో పడ్డాయి. పాత వయసుల్ని మళ్లీ సరిచూసుకోవాల్సిన పని బోలెడుంది.

రెండో ఇంటర్వ్యూకి ఆ మ్యాపు ప్రింటు తీసుకుని వెళ్లాను. తప్పులున్నాయని చూపించారు, అరగంట దాని గురించే మాట్లాడారు, తీసుకున్నారు.

అందుకే మీకు గట్టిగా చెప్పేది ఒకటే. సీటు వచ్చాక మొదలుపెడదాం అనుకోకండి. డేటా ఇప్పటికే మీ ముందుంది, దాన్ని చూసే మనుషులే తక్కువ. ఇస్రో చంద్రయాన్ యాత్రల డేటా బెంగళూరు దగ్గర బ్యాలాళులోని కేంద్రం నడిపే ప్రదాన్ పోర్టల్‌లో పెడుతున్నారు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. చంద్రయాన్-2 ల్యాండర్ 2019లో కూలిపోయింది గానీ ఆర్బిటర్ చక్కగా పనిచేసింది. దాని కెమెరా పావు మీటరు దాకా చూస్తుంది. అందులోని ఐఐఆర్ఎస్ స్పెక్ట్రోమీటర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చంద్రయాన్-1 మీద వెళ్లిన నాసా పరికరం చంద్రుడిపై నీటి జాడ పట్టి 2009లో సంచలనం చేసింది. కానీ అది చూడగలిగింది 3 మైక్రాన్ల వరకే, నీటి లోయ అక్కడ సగంలో తెగిపోతుంది. ఐఐఆర్ఎస్ 5 మైక్రాన్ల దాకా చూస్తుంది, లోయ మొత్తం కనిపిస్తుంది. నేల వేడి వల్ల వచ్చే కాంతిని వేరుచేసి తీసేయడానికీ వీలవుతుంది. ఈ డేటా మీద రావాల్సిన థీసిస్‌లు ఇంకా చాలా ఉన్నాయి.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. సీఎస్ఐఆర్ నెట్‌లో మన పేపర్ పూర్తి పేరు చూశారా? ఎర్త్, అట్మాస్ఫిరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్. గ్రహశాస్త్రం పేరులోనే ఉంది. నెట్ జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) గానీ, గేట్ జియాలజీ గానీ ఉంటే పీఆర్ఎల్‌కి అప్లై చేయొచ్చు, ఫిజిక్స్ వాళ్లకి జెస్ట్ పరీక్ష కూడా ఉంది. తిరువనంతపురంలో స్పేస్ ఫిజిక్స్ లాబొరేటరీ, అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ, కొన్ని ఐఐటీల ఎర్త్ సైన్స్ విభాగాలు కూడా చూడండి. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. అహ్మదాబాద్‌లో దాంతో ఇబ్బంది లేకుండా బతకొచ్చు, ఇంటికీ కొంత పంపొచ్చు. మీరు మొదటి సంవత్సరంలోనే ఉన్నారు కాబట్టి ముందు వేసవి ఇంటర్న్‌షిప్ పట్టండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, పీఆర్ఎల్ కూడా వేసవి విద్యార్థుల్ని తీసుకుంటుంది. నోటిఫికేషన్లు వేసవికి చాలా నెలల ముందే వస్తాయి. ఏప్రిల్లో చూస్తే ఉండవు.

విదేశాలకు వెళ్లడం తప్పు కాదు, పరికరాలూ చంద్రశిలలూ అక్కడ ఎక్కువ. నిధులతో వచ్చే పీహెచ్‌డీ సీటైతే నిశ్చింతగా వెళ్లండి. అప్పుచేసి మాస్టర్స్‌కి వెళ్లమని మాత్రం నేను చెప్పను. రాళ్ల కోసమైతే మన దగ్గరా తక్కువేం లేదు. బసాల్ట్‌లో ఏర్పడిన 1.8 కిలోమీటర్ల లోనార్ బిలం మహారాష్ట్రలో ఉంది. చంద్రయాన్-2 పరీక్షల కోసం ఇస్రో చంద్రుడి మట్టిలాంటిది తయారు చేసింది తమిళనాడులోని సిత్తంపూండి అనార్థొసైట్‌తోనే. 2017లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడిన ఉల్క బెన్నూ మట్టికి చుట్టం లాంటిది.

ఇక కష్టం. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఒక్కోసారి ఆరు. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. పర్మినెంట్ ఉద్యోగాలు ఈ రంగంలో తక్కువ, నాతో చేరినవాళ్లలో సగంమంది వేరే పనుల్లో ఉన్నారు. అయితే వాళ్లెవరూ ఖాళీగా లేరు. స్పెక్ట్రోస్కోపీ, రిమోట్ సెన్సింగ్, పైథాన్ వచ్చిన జియాలజిస్ట్‌కి ఖనిజాన్వేషణలో పని ఉంది. హైదరాబాద్‌లో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ ఉన్నాయి. జియలాజికల్ సర్వే పరీక్ష ఎలాగూ రాయొచ్చు. ఇంట్లో అడిగితే ఈ మాట చెప్పండి, వాళ్ల టెన్షన్ కొంత తగ్గుతుంది. ముందున్న కాలం మాత్రం బాగుంది. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4కి, శుక్రుడి ఆర్బిటర్‌కి 2024 సెప్టెంబరులో ఆమోదం వచ్చింది. జపాన్‌తో కలిసి 250 కిలోల రోవర్‌ని పంపే చంద్రయాన్-5కి 2025లో వచ్చింది. శుక్రుడి యాత్ర 2028కి అనుకుంటున్నారు. మీరు పీహెచ్‌డీలో ఉండగానే ఇవి ఒక్కొక్కటీ బయలుదేరాలి. చంద్రుడి మట్టి మన ల్యాబ్‌కి వచ్చిన రోజున దాన్ని సెక్షన్ చేసి చూసే చేతులు కావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే చంద్రుడి మీది కోపర్నికస్ బిలం తీసుకోండి. 93 కిలోమీటర్ల వెడల్పు, మధ్యలో శిఖరాలు. వాటిలో ఏముందో 1982లోనే టెలిస్కోప్‌తో కనిపెట్టారు, కాబట్టి మీ పని సరిగ్గా వచ్చిందో లేదో మీరే చూసుకోవచ్చు. చంద్రయాన్-1 స్పెక్ట్రమ్ డేటా దించుకుని, శిఖరం మీద ఒక పిక్సెల్ పట్టుకుని గ్రాఫ్ గీయండి. 1 మైక్రాన్ దగ్గర వెడల్పాటి లోయ వచ్చి, 2 దగ్గర గీత చదునుగా పోతే అది ఆలివిన్. రాకపోతే గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.