ముద్ద మందారం మొగ్గలు విచ్చకుండానే రాలిపోతుంటే

మీరు రాసినదాన్ని బట్టి మొక్క 12 అంగుళాల కుండీలో ఉంది, ముద్ద మందారం, మొగ్గలు బాగానే వేస్తోంది. అవి అర అంగుళం దాటేసరికి పసుపు తిరిగి రాలిపోతున్నాయి. లేత ఆకులు పాలిపోతున్నాయి. బలం చాలడం లేదనుకుని నెలకోసారి చెంచాడు డీఏపీ (భాస్వరం ఎక్కువగా ఉండే రసాయన ఎరువు) వేస్తున్నారు. ఇప్పుడు కొమ్మలన్నీ కత్తిరించేయమంటారా అని అడిగారు. ముందుగా రెండు మాటలు: డీఏపీ ఇవాళే ఆపేయండి, కత్తెర మాత్రం ఇప్పుడే పట్టకండి. గంపెడు మొగ్గలు వేస్తున్న మొక్కకు బలం లేదనుకోనక్కర్లేదు. వేసిన మొగ్గ ఎందుకు నిలవడం లేదో చూడాలి, దాని ఆచూకీ రాలిన మొగ్గలోనే ఉంటుంది.

ఇవాళ రాలినవీ, పసుపు తిరిగి ఇంకా కొమ్మనే ఉన్నవీ కలిపి ఐదారు మొగ్గలు తీసుకోండి. మొదట తొడిమ చూడండి. మందార మొగ్గ తొడిమకు ఒక కీలు ఉంటుంది, సన్నగా ఉబ్బిన గీతలా కనిపిస్తుంది. సరిగ్గా అక్కడ నున్నగా ఊడి ఉంటే మొక్కే దాన్ని వదిలేసిందన్నమాట. కొరికినట్టు గరుకుగా తెగి ఉంటే ఏ గొంగళిపురుగో, పక్షో చేసిన పని, దాని సంగతి వేరు. తర్వాత మొగ్గను తెల్ల కాగితం మీద పెట్టి బ్లేడుతో నిలువునా చీల్చండి. రెక్కలు విడదీసి, వెలుతురులో ఒక నిమిషం కదలకుండా గమనించండి.

లోపల తెల్లగానో లేత పసుపుగానో కాళ్లు లేని చిన్న పురుగులు, మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల పొడవున, గుంపుగా ఉండి, కాగితం మీద పడగానే విల్లులా వంగి ఎగిరి దూకుతుంటే అది బ్లాసమ్ మిడ్జ్. శాస్త్రీయ నామం కాంటారినియా మాక్యులిపెన్నిస్. దోమకంటే చిన్న ఈగ ఇది. లేత మొగ్గ కొనలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు మొగ్గ లోపలే తిని పెరుగుతాయి, మొగ్గ పసుపు తిరిగి రాలుతుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం మొదట దీని మీదే. ముద్ద రకాల్లో రెక్కలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి దీనికి అవి మరీ ఇష్టం. ఒంటిరెక్క ఎర్ర మందారం ఇదే ఈగ మధ్య ఉండి కూడా చాలావరకు గట్టెక్కుతుంది.

దీనికి చాలామంది చేసే వైద్యం మొగ్గల మీద మందు కొట్టడం. పైన కొట్టిన మందు మూసి ఉన్న మొగ్గలోకి పోదు, పురుగు హాయిగా ఉంటుంది. దెబ్బ కొట్టాల్సింది మరో చోట. ఎదిగిన పురుగు మొగ్గలోంచి బయటికొచ్చి మట్టిలోకి దిగి అక్కడే ప్యూపా దశ (పురుగు ఈగగా మారే నిద్రావస్థ) గడుపుతుంది, మళ్లీ ఈగై పైకొస్తుంది. గుడ్డు నుంచి ఈగ దాకా సుమారు 3 నుంచి 4 వారాలు. ఈ చక్రాన్ని మట్టి దగ్గర తెంచాలి. రోజూ ఉదయం రాలిన మొగ్గల్ని ఏరండి, కొమ్మ మీద పసుపు తిరిగినవాటినీ తుంచేయండి. అన్నిటినీ ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పడేయండి. కంపోస్టు డబ్బాలో వేశారో, పురుగుల్ని మీరే పెంచుతున్నట్టు. కుండీలో పైమట్టి 2 అంగుళాలు తీసేసి కొత్త మిశ్రమం వేయండి. దాని మీద మందపాటి గుడ్డ కానీ ప్లాస్టిక్ షీటు కానీ కాండం చుట్టూ సరిపోయేలా కత్తిరించి పరచండి, నీళ్లు పోసేటప్పుడు ఎత్తండి. మామూలుగా మందారానికి మట్టి మీద ఎండుటాకులు కప్పడం (మల్చింగ్) మంచిదే, కానీ ఈ పురుగు పోయేదాకా వద్దు, రాలిన మొగ్గలు అందులో దాక్కుంటాయి. ఈ పని కనీసం 5 వారాలు విడవకుండా చేయాలి. పది రోజులు చేసి మానేస్తే మట్టిలో ఉన్నవి పైకొచ్చి కథ మొదటికొస్తుంది. పక్కన మల్లె కుండీలుంటే వాటి మొగ్గలూ చీల్చి చూడండి, ఈ ఈగ మల్లెనూ వదలదు.

దూకే పురుగులు కాకుండా, రెక్కల మడతల్లో సన్నటి గీతల్లాంటి గోధుమ రంగు పురుగులు చురుగ్గా పాకుతుంటే అవి తామర పురుగులు (త్రిప్స్). వీటి వల్ల మొగ్గ రాలడంతో పాటు, నిలిచినవి సగమే విచ్చుకుంటాయి, రెక్కల అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారతాయి. వీటికి మందు: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. లిక్విడ్ సోపు. ముందు నూనె, సోపు బాగా కలిపి తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలిపోయి ఒకచోట ఆకు మాడుతుంది, ఇంకోచోట మందే పడదు. సాయంత్రం పూట, ఆకుల అడుగు భాగం కూడా తడిసేలా, వారానికోసారి చొప్పున 4 సార్లు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి రసాయన పురుగుమందులు వాడమని ఎవరైనా చెబుతారు. పూల మొక్క మీద అది తేనెటీగలకు ముప్పు, పైగా దాన్ని వాడాక ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు) విజృంభించడం మామూలే. నేనైతే దాని జోలికి పోవద్దంటాను.

మొగ్గ లోపల శుభ్రంగా ఉందా? అప్పుడు నేరం నీళ్లది, వేడిది, ఎరువుది. మొగ్గ కనబడినప్పటి నుంచి విచ్చుకునేదాకా కొన్ని వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఒక్కరోజు కుండీ పూర్తిగా ఎండి ఆకులు వేలాడితే చాలు, నీళ్లు పోయగానే ఆకులు లేచి నిలబడతాయి, మొగ్గలు మాత్రం రెండు మూడు రోజుల్లో రాలడం మొదలవుతుంది. ఆ ఎండిన రోజు ఎవరికీ గుర్తుండదు, అందుకే కారణం అంతుపట్టదు. వేలు ఒక అంగుళం లోతుకు దించి చూడండి, పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి, తడి తగిలితే వదిలేయండి. రోజూ గ్లాసుడు నీళ్లు లెక్కగా పోసే అలవాటు మంచిది కాదు, పైమట్టి తడిగా కనిపిస్తుంది, అడుగున వేరు ఎండిపోతుంది. పూర్తిగా ఎండిపోయిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మిశ్రమం అయితే నీళ్లు తాగదు, కుండీ అంచు వెంట జారి నేరుగా కిందికి పోతాయి. కుండీని అరగంట నీళ్ల టబ్బులో కూర్చోబెట్టడమే దానికి మందు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. మట్టి తడిగానే ఉంది, అయినా ఆకులు వడలి ఉన్నాయి. అది దాహం కాదు, వేరు కుళ్లు. ఇంకా నీళ్లు పోస్తే మొక్క చేయి దాటిపోతుంది. కుండీలోంచి తీసి, గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి వాసన కొడుతున్న వేళ్లు కత్తిరించి, కొత్త మిశ్రమంలో పెట్టాలి. రెండు పాళ్లు తోటమట్టి, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు, ఒక పాలు ముతక ఇసుక సరిపోతుంది.

వేడి విషయంలో, 35 డిగ్రీలు దాటితే ముద్ద రకాలు మొగ్గలు వదిలేయడం సహజమే. ఉదయం ఎండ 5, 6 గంటలు తగిలి మధ్యాహ్నం కాస్త నీడ పడే చోటు వెతకండి. నల్ల ప్లాస్టిక్ కుండీ సిమెంటు నేల మీద నేరుగా ఉంటే వేళ్లు ఉడికిపోతాయి, కింద రెండు ఇటుకలు పెట్టండి. మొగ్గల మీద ఉన్న మొక్కను చోటు మార్చినా రాలతాయి, కొత్తగా తెచ్చిన మొక్క మొదటి రెండు వారాలు రాల్చుకోవడం కూడా అందుకే. దానికి వైద్యం అక్కర్లేదు.

ఇక డీఏపీ. అది 18-46-0, అంటే నత్రజని కంటే భాస్వరం రెండున్నర రెట్లు, పొటాష్ సున్నా. మందారానికి కావలసింది దీనికి దాదాపు తలకిందులు: పొటాష్ ఎక్కువ, నత్రజని మధ్యస్థం, భాస్వరం కొద్దిగా. భాస్వరం పేరుకుపోయిన మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. మీ లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయంటే అది ఇనుము లోపమే అయి ఉండాలి, నెలనెలా వేసిన చెంచాడు తెచ్చిపెట్టి ఉండొచ్చు. ఎముకల పొడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది, "పూలకు మంచిది" అని దోసిళ్లతో వేసేవాళ్లున్నారు. నీళ్లు పోసి కడిగేద్దామంటే మిగతా లవణాలు కొంత పోతాయి కానీ భాస్వరం మట్టికి పట్టుకుని ఉండిపోతుంది. పైమట్టి తీసి మార్చమన్నది ఈగ కోసమే కాదు, దీనికోసం కూడా. ఇనుముకు ఐరన్ చిలేట్ (మొక్క సులువుగా అందుకునే ఇనుము పొడి) లీటరుకు అర గ్రాము కలిపి, సాయంత్రం ఆకులపై 10 రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. పాలిపోయిన పాత ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, కొత్త చిగురు రంగు చూసి ఫలితం తేల్చుకోండి. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు కనిపిస్తే మాత్రం అది మెగ్నీషియం లోపం, ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకు 2 గ్రాములు చాలు.

ఎరువుగా పొటాషియం నైట్రేట్, 13-0-45 అని సంచి మీద ఉంటుంది, లీటరుకు 2 గ్రాములు కలిపి 15 రోజులకోసారి ఒక లీటరు పోయండి. ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపి ఆ తర్వాతే ఇది, పొడి మట్టిలో పోస్తే వేళ్లు మాడతాయి. నెలకు రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు. అరటి తొక్కల నీళ్లు పోస్తే చెడేమీ లేదు కానీ వాటి మీద ఆశ పెట్టుకోకండి, అందులో దిగే పొటాష్ తక్కువ, చిన్న ఈగలు ఎక్కువ.

కొన్ని కొమ్మల చివర్లు ముడుచుకుని గుత్తిలా అయ్యాయనీ, తెల్లటి దూది లాంటిది కనిపిస్తోందనీ కూడా రాశారు. అది పిండినల్లి. ముడుచుకున్న చివర మళ్లీ సాగదు, కత్తెర పట్టొద్దన్నా వీటిని మాత్రం 2 అంగుళాలు కింద నుంచి కత్తిరించి సంచిలో కట్టి పారేయండి, మిగతా కణుపుల్ని నీటి ధారతో గట్టిగా కడిగి పై వేపనూనె ద్రావణమే కొట్టండి. చీమలు కనిపించగానే పిండినల్లి ఉందని కంగారుపడొద్దు. మందార ఆకు అడుగున నడిమి ఈనె మొదట్లో చిన్న తేనె గ్రంథి ఉంటుంది, పురుగు లేకపోయినా చీమలు దానికోసం తిరుగుతాయి. ఆకుల మీద జిగురు, నల్లటి మసి లాంటి బూజు కూడా ఉంటేనే వెతకండి.

కత్తిరింపు ఎప్పుడంటే, చీల్చిన మొగ్గల్లో పురుగులు కనబడటం ఆగి, కొత్త చిగురు పచ్చగా వచ్చాక. మందారం కొత్త కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి కత్తిరింపు అవసరమే, కానీ కత్తిరించిన కొమ్మ మళ్లీ పూతకు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే అన్నీ ఒకేసారి కొట్టేయకుండా, పొడవు కొమ్మల్లో మూడో వంతు ఈసారి, నెలన్నర తర్వాత ఇంకో మూడో వంతు. బయటివైపు చూస్తున్న కణుపుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. లోపలివైపు కణుపు మీద కోస్తే కొత్త కొమ్మ మొక్క నడుమకే పెరిగి గుబురైపోతుంది, గాలి ఆడని ఆ గుబురులోనే పిండినల్లి మళ్లీ కాపురం పెడుతుంది.