సువార్తను నమ్మడం సరే, రోజువారీ జీవితంలో దాని ప్రకారం బతకడం ఎలా?

“ఆదివారం ఆరాధనలో కళ్లనీళ్లు పెట్టుకుంటాను. సోమవారానికి ఇంట్లో మళ్లీ అదే కోపం, అవే మాటలు. ఎక్కడ తప్పుతోంది?” అని ఒకరు నన్ను అడిగారు. నేను విశ్వాసంలోకి వచ్చి ఇరవై రెండేళ్లు. అందులో మొదటి పదిహేనేళ్లు నాదీ ఇదే ప్రశ్న. కాకపోతే బయటికి అడగడానికి సిగ్గు. అప్పటికే సంఘంలో బైబిల్ క్లాసు చెబుతున్నాను మరి.

సువార్త, అంటే యేసు మన పాపాల కోసం చనిపోయి లేచాడన్న శుభవార్త, రక్షణ పొందే రోజున వినేది, ఆ తర్వాత బతకడానికి వేరే నియమాలు ఉంటాయి అనుకునేవాణ్ణి. కోపం తగ్గించుకోవాలి, ఓపిక పట్టాలి, సాక్ష్యం పాడుచేసుకోకూడదు అని ప్రతి జనవరిలో ఒక లిస్టు రాసుకోవడం, ఫిబ్రవరికల్లా అది ఎక్కడుందో కూడా మర్చిపోవడం.

నా కళ్లు తెరిపించింది మా అమ్మాయి. అప్పుడు దానికి పదకొండేళ్లు. నేను మర్నాటి క్లాసుకి ప్రిపేర్ అవుతుంటే లెక్కల డౌటు అడగడానికి వచ్చింది. ఒకసారి చెప్పాను, అర్థం కాలేదంది. రెండోసారీ అదే మాట. మూడోసారికి నోట్‌బుక్ లాక్కుని విసిరేశాను. గోడకి తగిలి అట్ట ఊడిపోయింది. అరగంట పోయాక దాని గదిలోకి వెళ్లి, “సారీ అమ్మా. కానీ నాన్న పనిలో ఉన్నప్పుడు నువ్వు కూడా...” అని మొదలుపెట్టాను. అది కింద కూర్చుని ఆ అట్టకి టేపు అంటిస్తోంది. తలెత్తకుండానే అంది: “నువ్వు సారీ చెప్పిన ప్రతిసారీ చివరికి తప్పు నాదే అవుతుంది నాన్నా.”

నాకు నోట మాట రాలేదు. ఆదివారం నిలబడి “మనం నీతిమంతులమని తీర్చబడింది కృప వల్లే, మన క్రియల వల్ల కాదు” అని చెప్పేది నేనే. ఇంట్లో పదకొండేళ్ల పిల్ల ముందు వకీలులా నా కేసు వాదించుకుంటున్నదీ నేనే. నా పాపానికి సిలువ అవసరమైందని నిజంగా నమ్మినవాడికి, ఒక నోట్‌బుక్ విసిరానని ఒప్పుకోవడం ఎందుకంత కష్టం? నా కోపం కంటే ఆ “కానీ”యే పెద్ద జబ్బని ఆ రాత్రి తెలిసింది. నేను ఇంకా నా నీతినే కాపాడుకుంటున్నాను.

“నోట్‌బుక్ విసిరింది నేను. తప్పు నాదే” అని ఆపేశాను. కౌగిలింతలు, కన్నీళ్లు ఏమీ లేవు. “ఈ చివర పట్టుకో” అని టేపు చూపించింది, అంతే.

ఆ తర్వాత బైబిల్లో పౌలు గలతీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) రెండో అధ్యాయం కొత్తగా కనిపించింది. అంతియొకయ పట్టణంలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే భయపడి పక్కకి తప్పుకున్నాడు. అతని బోధలో తప్పేమీ లేదు, మారింది ఎవరి పక్కన కూర్చుంటున్నాడన్నదే. పౌలు అందరి ముందూ నిలదీశాడు. “ఇది మర్యాద కాదు” అనలేదు, సువార్త సత్యానికి తగ్గట్టు నడవడం లేదన్నాడు. అంటే భోజనం దగ్గర ఎవరితో కూర్చుంటామన్నదీ సువార్త విషయమే.

ఇంతకంటే బరువైనది మా అన్నయ్యతో గొడవ. నాన్న పోయాక ఆస్తి పంపకాల్లో నాకు అన్యాయం జరిగింది. ఇవాళ్టికీ అలాగే అంటాను. మూడేళ్లు మాటల్లేవు. క్షమించని దాసుడి ఉపమానం (మత్తయి 18) మీద ప్రసంగం విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. రాజు తన పదివేల తలాంతుల బాకీ కొట్టేసినా, ఆ దాసుడు తనకి నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాణ్ణి వదలడు, అదీ కథ. “తోటివాడు బాకీ ఉన్నది నూరు దేనారాలు, వట్టి చిల్లర” అని తేల్చేస్తారు చాలామంది. చిల్లరేమీ కాదు. దేనారం అంటే ఒక కూలివాడి ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఒప్పుకున్నది అదే. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా చెమట. యేసు ప్రభువు ఆ బాకీని చిన్నది చేసి మాట్లాడలేదు. దాని పక్కన పదివేల తలాంతులు పెట్టాడంతే. తలాంతుకి సుమారు 6,000 దేనారాలు, అంటే మొత్తం 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు.

ఈ లెక్క వేసుకున్నాకే నాకు ప్రార్థన చేయడం చేతనైంది. “ప్రభువా, నాకు జరిగింది అన్యాయమే, నూరు దేనారాల అన్యాయం” అని దాచకుండా చెప్పగలిగాను. ఆ తర్వాత రెండో అంకె చూడాల్సి వచ్చింది: దేవుడు నాకు కొట్టేసిన పదివేల తలాంతులు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. పంపకాల ఊసెత్తలేదు. నేను చేసింది ఒకటుంది: ఆ మూడేళ్లలో ఇద్దరు బంధువుల దగ్గర వాణ్ణి దొంగ అన్నాను. అదే ఒప్పుకున్నాను. “ఇప్పుడు గుర్తొచ్చానా?” అని పెట్టేశాడు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిచ్చేస్తానన్నాడు కదా, మాటతో పోగొట్టిన పరువును ఎలా తిరిగివ్వాలి? ఆ ఇద్దరికీ ఫోన్ చేసి “నేను అలా అనకుండా ఉండాల్సింది” అన్నాను. అన్నయ్యతో మాట్లాడటం కంటే ఇదే కష్టమైంది, నిజం చెప్తున్నా. ఒకాయనకి అసలు నేనేమన్నానో కూడా గుర్తులేదు!

ఇప్పుడు అన్నయ్య ఫోన్ ఎత్తుతాడు. అమ్మ ఆరోగ్యం గురించి రెండు నిమిషాలు మాట్లాడుకుంటాం. నా వాటా రాలేదు, అడగనూ లేదు. అందరితో సమాధానంగా ఉండమని చెప్పే రోమా 12:18లో “శక్యమైతే” అనే మాట ఉన్నందుకు దేవునికి స్తోత్రం. అవతలివాళ్ల సగం నా చేతిలో లేదు.

ఒక్క విషయం. ఇంట్లో కొట్టించుకుంటున్నవాళ్లకి “క్షమించి సర్దుకుపో” అని చెప్పడానికి ఈ మాటలు వాడొద్దు. క్షమించడం వేరు, దెబ్బలకి మళ్లీ ఎదురెళ్లడం వేరు. ముందు అక్కడి నుంచి బయటపడాలి.

ఆఫీసులోనూ ఇదే జబ్బు, రంగు మాత్రం వేరు. మెయిల్‌లో “మీరు ముందే చెప్పి ఉంటే” అని రాసినప్పుడల్లా అది “కానీ”కి ఇంకో పేరే.

లిస్టులు మానేశాను. పడుకునేముందు ఒకటే అడుగుతాను: ఈ రోజు నన్ను నేను ఎక్కడ సమర్థించుకున్నాను? 1517లో చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని. ఒకప్పుడు అది భయపెట్టేది, ఇప్పుడు ఊరటగా ఉంది. ఒక్క జనవరితో అయిపోవాల్సిన పని కాదన్నమాట.

కోపం పోయిందా అంటే, పోలేదు. మొన్ననే కారు తాళాల గురించి మళ్లీ అరిచాను. సారీ చెప్పి, తర్వాత మాట నాలుక చివరికి వచ్చేసింది. అమ్మాయికి ఇప్పుడు పద్దెనిమిది. గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆ మాట కోసమే చూస్తోంది. మింగేశాను.