దుప్పి దూకని కంచె ఎంత ఎత్తు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. ఎండాకాలం వచ్చిందంటే నేను అక్కడికి వెళ్తాను. ఇంటి వెనక చిక్కుడు, బెండ, రత్నపురిగడ్డ పెట్టాను. తెల్లారి చూస్తే కాడలే మిగులుతున్నాయి. నాలుగడుగుల కంచె కట్టించినా జింకలు దూకి వస్తున్నాయి. అంత పెద్ద దేశంలో వాటిని పట్టి అడవిలో వదలొచ్చు కదా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు కంచె సంగతి చూద్దాం. అక్కడి తెల్లతోక జింకకు నాలుగడుగులు లెక్కలోకి రావు. ఖాయంగా ఆపాలంటే ఏడున్నర, ఎనిమిది అడుగులు కావాలి. నల్లటి ప్లాస్టిక్ వల ఏడున్నర అడుగుల ఎత్తుతో దొరుకుతుంది, కర్రలకు బిగిస్తే చాలు. అయితే మొదటి రెండు వారాలు నడుము ఎత్తులో తెల్లగుడ్డ పీలికలు కట్టండి. వల కనబడకపోతే జింక పరుగున వచ్చి చింపేస్తుంది. కింది అంచును మేకులతో నేలకు కొట్టాలి. జింక దూకుతుందనే అందరూ అనుకుంటారు, కానీ జానెడు సందు దొరికితే కిందనుంచి దూరడమే దానికి సులువు.

అంత ఎత్తు కంచెకు కాలనీవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. ఇప్పుడున్న నాలుగడుగుల కంచెకు బయట, నాలుగైదు అడుగుల దూరంలో, అంతే ఎత్తు కంచె ఇంకొకటి వేయండి. జింక ఎత్తు దూకగలదు, వెడల్పూ దూకగలదు. రెండూ ఒకేసారి అంటే వెనకాడుతుంది. మడి బాగా చిన్నదైతే ఈ తంటా కూడా అక్కర్లేదు. దిగడానికి చోటు లేని ఇరుకులోకి అది సాధారణంగా దూకదు.

గులాబీలకు, మందారాలకు గుడ్డు నీళ్లు పనిచేస్తాయి. నాలుగు గుడ్లు కొట్టి, సొనకు అంటుకుని ఉండే తెల్లటి దారంలాంటి పోగును వేలితో తీసేయండి. అది ఉంటే స్ప్రే మూతి మూసుకుపోతుంది. నాలుగు గ్లాసుల నీళ్లు పోసి బాగా గిలక్కొట్టి, వడగట్టి, ఆకుల మీద కొట్టండి. ఆరాక మనకు వాసన రాదు, జింకకు వస్తుంది. నెలకోసారి మళ్లీ కొట్టాలి. మధ్యలో కొత్త చిగురు వేస్తే దానిమీద మందు ఉండదు కదా, జింకకు కావలసిందీ ఆ చిగురే. కాబట్టి చిగురు వేసినప్పుడల్లా కొట్టాల్సిందే. మనం వండుకునే ఆకు, కాయల మీద మాత్రం వద్దు.

ఇక పట్టి అడవిలో వదలడం. ముందు అవి ఇళ్ల మధ్య ఎందుకింత పెరిగాయో చూద్దాం. 1900 ప్రాంతంలో ఆ దేశం మొత్తంమీద ఈ జింకలు మూడు నుంచి ఐదు లక్షలకు పడిపోయాయని అంచనా. వేటను అదుపు చేశాక మళ్లీ పెరిగి ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయంటారు. న్యూజెర్సీ వైపు తోడేళ్లను, కొండసింహాలను మనిషి ముందే తుడిచిపెట్టాడు. మిగిలినవి పచ్చిక, ఎరువేసి పెంచిన పొదలు, ఇళ్ల మధ్య చిన్న చిన్న చెట్ల గుంపులు. జింకకు ఇంతకంటే మంచి మేత అడవిలో దొరకదు. ఎదిగిన ఆడజింక మంచి మేత ఉంటే ఏటా రెండు పిల్లలు వేస్తుంది. ఇళ్ల మధ్య వేటా కుదరదు: న్యూజెర్సీలో ఇంటికి 450 అడుగుల లోపల తుపాకితో, 150 అడుగుల లోపల విల్లుతో యజమాని అనుమతి లేకుండా వేటాడకూడదు.

పట్టిన జింక బెదురుతోనే కండరాలు దెబ్బతిని రోజుల తర్వాత కూడా చచ్చిపోవచ్చు. బతికినవాటితో జబ్బులు కొత్తచోటికి పాకుతాయి. పిల్లలు పుట్టకుండా ఆడజింకలకు ఇచ్చే ఇంజెక్షన్‌కు 2009లోనే అక్కడ అనుమతి వచ్చింది; కానీ ఒక్కొక్కదాన్నీ పట్టి పొడవాలి, ఊళ్లో చాలావాటికి పొడవాలి, ఈలోగా పక్క ఊరివి వచ్చి చేరతాయి. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో 2016లో మగజింకలకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. చుట్టూ నీళ్లు కాబట్టి అక్కడ కొంత సాగుతుంది. (అసలు ఆ జింకలు మీ న్యూజెర్సీ నుంచే ఈదుకుంటూ వెళ్లాయంటారు!)

ఒక జాగ్రత్త. ఆ జింకల మీద బతికే పిడుదు, జ్వరం, కీళ్లనొప్పులు తెచ్చే లైమ్ అనే జబ్బు అంటిస్తుంది. సాధారణంగా అది ఒంటికి పట్టుకుని ఒకరోజు దాటితేనే జబ్బు ఎక్కుతుంది. తోటపని అయ్యాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదళ్లలో చూసుకోండి. కనబడితే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

ప్రశ్న: మాది తాడ్వాయి దిక్కు, అడివి అంచుకు రెండెకరాల చెల్క. పెసర, బబ్బెర ఏస్తే రాత్రికి రాత్రి మేసిపోతున్నయ్. పాత చీరెలు కట్టినం, వారం రోజులు ఆగి మళ్ల వచ్చినయ్. దుప్పులా, పందులా, కుందేళ్లా తెలుస్తలేదు. కరెంటు తీగ పెట్టుమంటున్నరు కొందరు. – ఒక రైతు, ములుగు జిల్లా

జవాబు: కరెంటు తీగ జోలికి పోవద్దు. 230 వోల్టుల తీగ ముట్టినవాణ్ని వదలదు. కండరం బిగుసుకుపోయి చెయ్యి వెనక్కి రాదు. దుప్పి కోసం పెట్టిన తీగకు తెల్లారి పక్క చేను మనిషి పడితే జైలుపాలయ్యేది మీరే. దుప్పి పడినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే.

ఏ జీవో తెలియాలంటే తెల్లవారుజామున కొరికిన కాడను చూడండి. కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంటే కుందేలు. దుప్పికి పైదవడ ముందు పళ్లుండవు, పట్టి గుంజుతుంది. కాడ కొస పీచుపీచుగా చినిగి ఉంటుంది. పంది అయితే నేలే చెబుతుంది, మూతితో దున్నిపోతుంది. దాని అడుగులో రెండు గిట్టల వెనక ఇంకో రెండు చుక్కలు పడతాయి. మెత్తటి నేలలో దుప్పి అడుగు సన్నగా, ముందుకు మొనదేలి ఉంటుంది.

దుప్పి అని తేలితే సోలార్ కంచె మేలు. దీంట్లో కరెంటు ఉండి ఉండి వస్తుంది. సెకనుకు ఒక్క దెబ్బ, అదీ సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువసేపు. వోల్టులు అయిదారు వేలున్నా జీవి వెంటనే విడిపించుకుంటుంది. పందికైతే జానెడు, మూరెడు, రెండు మూరల ఎత్తుల్లో మూడు తీగలు సరిపోతాయి. దుప్పికి వాటిపైన ఇంకో మూడు వేసి ఆరడుగులకు తేవాలి.

కంచె పెట్టిన ఏడాదికి పనిచేయడం లేదని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి చెడేది మిషను కాదు, ఎర్తు. తీగ ముట్టిన జీవిలోంచి నేలలోకి దిగిన కరెంటు ఎర్తు ద్వారా మిషనుకు తిరిగి వస్తేనే దెబ్బ తగులుతుంది. చెల్క నేల ఎండాకాలం ఎండిపోతే అది తిరిగి రాదు. మూడు ఇనుప కడ్డీలు, మూడేసి మీటర్ల ఎడంతో, మనిషి లోతున దించండి. వాటి చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి. రెండోది గడ్డి. కింది తీగకు గడ్డి తగిలిందంటే రాత్రి మంచులో కరెంటంతా నేలలోకి కారిపోతుంది. పదిహేను రోజులకోసారి కొడవలి పట్టాల్సిందే.

ఇంకొకటి. దుప్పి ఒంటిమీది వెంట్రుకలు కరెంటును అడ్డుకుంటాయి, వీపుకు తగిలితే షాకు సరిగా తెలియదు. ముక్కుతో ముట్టాలి. అందుకే మొదటి వారం నడుమెత్తు తీగకు అల్యూమినియం కాగితం మడిచి, లోపల నూరిన పల్లీల ముద్ద పూసి అక్కడక్కడ వేలాడదీయండి. వాసన చూడబోయి ఒకసారి దెబ్బ తిన్న దుప్పి మళ్లీ ఆ దిక్కు తేలిగ్గా రాదు.

చీరెలు పనిచేయవని కాదు. ఒకేచోట ఒకే రంగు ఉంటే వారంలో అలవాటు పడతాయి. కంచెకు డబ్బు కూడేదాకా మూడు రోజులకోసారి చోటు మారుస్తూ కట్టండి. పంట పోయిన రోజే తేదీతో ఫొటోలు తీసి ఫారెస్టు బీట్ ఆఫీసరుకు చూపించండి. నాలుగు రోజులాగితే ఎవరు తిన్నారో తేల్చలేరు.

ప్రశ్న: మా కాలనీకి దుప్పులు రావు గానీ కోతులు వదలడం లేదు. పట్టించి పంపితే రెండు నెలల్లో మళ్లీ అంతే మంద. ఎందుకు? – కాలనీ సంఘం సభ్యులు, కాజీపేట

జవాబు: మీ చెత్తకుండీ, ట్యాంకు, కోతులకు తిండి పెట్టే పళ్లెం అక్కడే ఉన్నాయి కాబట్టి పక్క మంద వచ్చి కూర్చుంటుంది. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో తెరిచిన కేంద్రంలో కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. పట్టించాలంటే అటవీశాఖ, మున్సిపాలిటీ ద్వారానే అడగండి, ప్రైవేటువాళ్లకు డబ్బిచ్చి కాదు. ముందు ట్యాంకు మూతలకు కొక్కెం, చెత్త డబ్బాలకు బిగువైన మూత, కిటికీలకు ఒకటిన్నర అంగుళాల గడి వెల్డింగు జాలీ పెట్టించండి. గుడి ముందు అరటిపళ్లు పంచేవాళ్లతోనూ మాట్లాడండి. సంఘానికి అన్నిటికన్నా కష్టమైన పని అదే.