పాత సామ్‌సంగ్ టాబ్‌లో లినేజ్ ఓఎస్ వేస్తే కొత్తదానిలా అవుతుందా?

ప్రశ్న: 2019 నాటి సామ్‌సంగ్ టాబ్ ఎస్5ఈ ఉంది, వైఫై మోడల్. ఆండ్రాయిడ్ 11 దగ్గరే ఆగిపోయింది, బాగా నెమ్మదించింది. లినేజ్ ఓఎస్ వేస్తే కొత్తదానిలా అవుతుందా? ఎలా వేయాలి?

జవాబు: అవ్వదు. అయినా వేసుకోండి. లినేజ్ అంటే స్వచ్ఛంద డెవలపర్లు ఆండ్రాయిడ్ మీద కట్టి ఉచితంగా ఇచ్చే ఓఎస్.

టాబ్ నెమ్మదించిందంటే ఆండ్రాయిడ్ పాతబడిందనే అందరూ అనుకుంటారు. నా లెక్కలో పదింట తొమ్మిది సార్లు అసలు దోషి నిండిపోయిన స్టోరేజీ. 64 జీబీలో వాట్సాప్ వీడియోలూ, డౌన్‌లోడ్ చేసి మరిచిపోయిన సినిమాలూ చాలావరకు ఆక్రమిస్తే ఏ ఓఎస్ అయినా ఈడుస్తూనే నడుస్తుంది. ముందు ఓ 15 జీబీ ఖాళీ చేసి చూడండి, చాలకపోతే కావలసినవి కంప్యూటర్‌లోకి తీసుకుని మామూలు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, అది అన్నీ చెరిపేస్తుంది. వేగం ఒక్కటే మీ బాధయితే అక్కడితోనే తీరిపోవచ్చు. లినేజ్‌లో సామ్‌సంగ్ సొంత యాప్‌ల బరువు ఉండదు కాబట్టి కాస్త తేలికపడుతుంది, నిజమే. కానీ యూట్యూబ్ యాప్, క్రోమ్ యాప్ అక్కడా అంతే ర్యామ్ తింటాయి.

మరి ఎందుకు వేయాలి? ఆయుష్షు కోసం. ఎస్5ఈ ఆండ్రాయిడ్ 9తో వచ్చింది, 10, 11 అందుకుని ఆగిపోయింది. స్నాప్‌డ్రాగన్ 670, 4 లేదా 6 జీబీ ర్యామ్, 10.5 అంగుళాల అమోలెడ్ తెర: ఈ హార్డ్‌వేర్ ఇప్పటికీ చదువుకోవడానికి, వీడియోలకి, పిల్లల పాఠాలకి ధారాళంగా సరిపోతుంది. ఆగింది భద్రతా ప్యాచ్‌లు మాత్రమే. లినేజ్ ఇచ్చేది వాటినే.

ఏ రోమ్ (లినేజ్ లాంటి ఓఎస్ ప్యాకేజీ) మంచిదని అడిగేవాళ్ళే తప్ప, బూట్‌లోడర్ (టాబ్ లేవగానే ఏ ఓఎస్‌ని నడవనివ్వాలో తేల్చే చిన్న ప్రోగ్రామ్) తెరుచుకుంటుందా అని అడిగేవాళ్ళు నాకు అరుదుగా తగులుతారు. వరస తిరగబడింది. బూట్‌లోడర్ తెరుచుకోకపోతే ఏ రోమ్ అయినా ఒకటే, ఏదీ ఎక్కదు. అది తెరుచుకున్నాక రెండో ప్రశ్న, సరిగ్గా మీ మోడల్ నంబరుకే బిల్డ్ ఉందా అన్నది. ఎస్5ఈలోనే రెండు రకాలు: వైఫైది ఎస్ఎం-టీ720, సిమ్ వేసేది ఎస్ఎం-టీ725. లినేజ్‌లో వీటికి వేరువేరు ఫైళ్ళు. మొదటిది జీటీఎస్4ఎల్వీవైఫై, రెండోది జీటీఎస్4ఎల్వీ. సెట్టింగ్స్‌లో అబౌట్ టాబ్లెట్ తెరిచి నంబరు చూసి కాగితం మీద రాసుకోండి. పెట్టె మీద పేరు చూసి ఫైలు దించుకోకండి. 'ఏ టాబ్‌కైనా ఆండ్రాయిడ్ 15, ఒక్క క్లిక్‌తో' అనే వీడియోలు, వాటి కింద నాలుగు ప్రకటనల పేజీలు దాటిస్తే గానీ దొరకని జిప్ ఫైళ్ళు ఉంటాయే, వాటి జోలికి అసలు పోవద్దు. లినేజ్ సొంత డౌన్‌లోడ్ పేజీలో మీ మోడల్ లేకపోతే, లేనట్టే అనుకోండి.

వేసే ముందు ఏం పోతుందో తెలుసుకోండి, తర్వాత ఏడిస్తే లాభం లేదు. సామ్‌సంగ్‌లో అనధికారిక ఫైలు ఎక్కగానే నాక్స్ ఫ్యూజ్ (టాబ్‌ని మార్చారని గుర్తుపెట్టుకునే సామ్‌సంగ్ భద్రతా స్విచ్) 0x1 అవుతుంది. అది మళ్ళీ 0కి రాదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించినా రాదు. సెక్యూర్ ఫోల్డర్, సామ్‌సంగ్ పాస్ ఆ టాబ్‌లో శాశ్వతంగా పోయినట్టే. డెక్స్ (టాబ్‌ని కంప్యూటర్‌లా వాడే మోడ్), డాల్బీ అట్మాస్ లినేజ్‌లో ఉండవు. వైడ్‌వైన్ (వీడియోల కాపీ రక్షణ) ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది, అంటే నెట్‌ఫ్లిక్స్ ఆ అమోలెడ్ తెర మీద 480పీ దాటదు. ఓటీటీ కోసమే టాబ్ వాడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది. బ్యాంకు యాప్‌లు చాలావరకు మొరాయిస్తాయి. యూపీఐ గురించి దిగులు అనవసరం: దానికి సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పోవాలి, వైఫై టాబ్‌లో అది ముందే లేదు.

ఇక పని. ఫొటోలు, ఫైళ్ళు కంప్యూటర్‌లోకి తీసుకోండి. ఈ మొత్తంలో టాబ్ రెండుసార్లు పూర్తిగా చెరుగుతుంది. ఎస్‌డీ కార్డుకి సామ్‌సంగ్ ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే ముందే తీసేయండి, లేదంటే ఆ కార్డును ఆ తర్వాత ఏ పరికరమూ చదవలేదు. గూగుల్, సామ్‌సంగ్ ఖాతాలు సెట్టింగ్స్‌లోనే తొలగించండి. ఛార్జింగ్ 70 శాతం పైన ఉంచండి. పాత బ్యాటరీ 30 చూపిస్తూనే ఉన్నపళాన ఆరిపోగలదు. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే ఓఎస్ సంగతి పక్కనపెట్టి ముందు బ్యాటరీ మార్పించండి.

కేబుల్‌ది మరో గోల. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు ఇంట్లో నాలుగుంటాయి, డేటా పోయేది ఒక్కటుంటుంది. ఫైళ్ళు కాపీ అయ్యే కేబులే తీసుకుని, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు యూఎస్‌బీ 2 పోర్టులో నేరుగా పెట్టండి. హబ్ మధ్యలో పెట్టకండి.

సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఓఈఎం అన్‌లాక్ (బూట్‌లోడర్ తెరవడానికి అనుమతి) ఆన్ చేయండి. టాబ్ ఆపేసి, వాల్యూమ్ రెండు బటన్లూ కలిపి నొక్కి ఉంచి, కంప్యూటర్‌కి కలిపిన కేబుల్ గుచ్చండి. డౌన్‌లోడ్ మోడ్ (కంప్యూటర్ నుంచి ఫైళ్ళు ఎక్కించే స్థితి) హెచ్చరిక తెర వస్తుంది. వాల్యూమ్ అప్ గట్టిగా నొక్కి పట్టుకుంటే అన్‌లాక్ పేజీ, మళ్ళీ వాల్యూమ్ అప్ నొక్కితే అన్‌లాక్. మొదటి చెరుపుడు ఇదే.

చాలామంది జారేది దీని తర్వాతే. అన్‌లాక్ అయిపోయిందని వెంటనే ఫ్లాష్ (కొత్త ఫైళ్ళు ఎక్కించడం) మొదలుపెడతారు, ఎర్ర అక్షరాల్లో 'ఓన్లీ అఫీషియల్ రిలీజ్డ్ బైనరీస్ ఆర్ అలౌడ్ టు బి ఫ్లాష్డ్' అని వస్తుంది. అన్‌లాక్ తర్వాత టాబ్‌ని ఒకసారి మామూలుగా తెరిచి, వైఫైకి కలిపి, డెవలపర్ ఆప్షన్స్ మళ్ళీ తెప్పించి, ఓఈఎం అన్‌లాక్ ఆన్‌లో ఉండి బూడిదరంగులోకి మారిందో లేదో చూడాలి. సామ్‌సంగ్‌లో వాల్ట్‌కీపర్ అనే కాపలా ఒకటుంది, నెట్‌కి కలిపి ఈ తనిఖీ ముగిస్తే గానీ అది దారి ఇవ్వదు. డౌన్‌లోడ్ మోడ్‌లో కేజీ స్టేట్ దగ్గర 'ప్రీనార్మల్' అని కనిపించినా అర్థం ఇదే. ఇంకోటి, ఫ్లాష్ చేసే ముందు టాబ్ ఆండ్రాయిడ్ 11 ఫర్మ్‌వేర్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) మీద ఉండాలి. పాతదాని మీద ఉంటే ముందు అధికారిక అప్‌డేట్లు పూర్తి చేయండి.

రికవరీ (ఓఎస్ ఎక్కించడానికి వాడే చిన్న బూట్ మెనూ) ఎక్కించడానికి విండోస్‌లో ఓడిన్, లినక్స్‌లో హైమ్‌డాల్ అనే ప్రోగ్రామ్‌లు వాడాలి. ఒకే విండోస్ మెషీన్‌లో రెండూ కలపకండి: హైమ్‌డాల్ కోసం జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ మార్చారంటే ఓడిన్‌కి టాబ్ కనిపించడం మానేస్తుంది. ఓడిన్‌కి టార్ ఫైలు కావాలి. లినేజ్ ఇచ్చిన రికవరీ ఇమేజ్‌కి సరిగ్గా రికవరీ డాట్ ఐఎంజీ అని పేరు పెట్టి, 7-జిప్‌లో టార్ ఫార్మాట్ ఎంచుకుని కట్టండి. లోపలి పేరు వేరైతే ఓడిన్‌కి ఏ పార్టిషన్‌లో వేయాలో తెలియదు. ఏపీ గడిలో ఆ టార్ పెట్టి, ఆప్షన్స్‌లో ఆటో రీబూట్ టిక్ తీసేయండి. రీపార్టిషన్ టిక్ ఎప్పటికీ పెట్టకండి. టాబ్‌ని ముందులాగే ఆపేసి హెచ్చరిక తెర తెప్పించి, ఈసారి వాల్యూమ్ అప్ ఒక్కసారి మాత్రం నొక్కి డౌన్‌లోడ్ మోడ్‌లోకి తెచ్చి, స్టార్ట్ నొక్కితే కొన్ని సెకన్లలో ఆకుపచ్చగా 'పాస్' అని వస్తుంది.

అసలు పరీక్ష ఆ పాస్ వచ్చాకే. టాబ్ ఇంకా డౌన్‌లోడ్ మోడ్‌లోనే ఉంటుంది, తెర మీద ఏమీ కదలదు. వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి ఏడెనిమిది సెకన్లు పట్టుకోవాలి. తెర నల్లబడుతుంది. ఆ నలుపు కనబడీ కనబడగానే వేలు డౌన్ నుంచి అప్‌కి జరగాలి, పవర్ మీది వేలు లేవకూడదు. లినేజ్ రికవరీ తెర వచ్చిందా, గెలిచారు. సామ్‌సంగ్ లోగో దాటి మామూలు స్వాగత పేజీ వచ్చిందా, పాత సిస్టమ్ లేస్తూనే తన సొంత రికవరీని మీదాని మీద రాసేసి ఉంటుంది, మళ్ళీ ఓడిన్ దగ్గర్నుంచి మొదలు. టాబ్ ఏమీ చెడిపోదు, కంగారు వద్దు. చేతులు ఎడమా కుడీ తడబడటం వల్లే ఇది తప్పుతుంది. కాబట్టి టాబ్‌ని బల్ల మీద పెట్టి, ఏ బటన్ ఎక్కడుందో ముందే రెండుసార్లు తడిమి చూసుకోండి. మధ్యలో అన్‌లాక్ హెచ్చరిక తెర వస్తుంది, అది ఇకమీదట ప్రతి బూట్‌కీ వస్తుంది, అలవాటు పడాల్సిందే. కొన్ని సామ్‌సంగ్ మోడళ్ళు కేబుల్ గుచ్చి ఉంటేనే రికవరీలోకి వెళ్తాయి, అందుకని కేబుల్ తీయకండి.

రికవరీలో ముందు ఫ్యాక్టరీ రీసెట్‌కి వెళ్ళి ఫార్మాట్ డేటా చేయండి. ఇది రెండో చెరుపుడు. దాటేశారంటే, పాత సిస్టమ్ తాళం వేసిన డేటాను కొత్త సిస్టమ్ తెరవలేక లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది. తర్వాత అప్లై అప్‌డేట్, అప్లై ఫ్రమ్ ఏడీబీ (కంప్యూటర్ నుంచి టాబ్‌కి ఆదేశాలు పంపే గూగుల్ టూల్). కంప్యూటర్‌లో ఏడీబీ సైడ్‌లోడ్ అని కొట్టి లినేజ్ జిప్ పేరు ఇవ్వండి. శాతం 47 దగ్గర ఆగి, 'ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్' అని, దాని పక్కన 'సక్సెస్' అనో 'నో ఎర్రర్' అనో విచిత్రంగా రావచ్చు. అది అయిపోయినట్టే లెక్క. చూడాల్సింది టాబ్ తెర మీద ఏం రాసిందో. 47 చూసి కేబుల్ పీకేవాళ్ళే ఎక్కువ.

ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల ప్యాకేజీ ఇప్పుడే, మొదటి బూట్‌కి ముందే ఎక్కాలి. ఒకసారి లినేజ్ తెరిచి చూసి, తర్వాత వేద్దామంటే కుదరదు, మళ్ళీ ఫార్మాట్ నుంచి మొదలు. మైండ్‌ద‌గ్యాప్స్ అనే ప్యాకేజీలో ఆర్మ్64 (ఈ టాబ్ ప్రాసెసర్) రకం తీసుకోండి, ఆండ్రాయిడ్ సంఖ్య కలవాలి: లినేజ్ 20కి ఆండ్రాయిడ్ 13, 21కి 14, 22కి 15. సిగ్నేచర్ సరిపోలలేదు, అయినా వేయమంటారా అని రికవరీ అడుగుతుంది. అవుననండి, అది లినేజ్ తాళంతో సంతకం చేసిన ఫైలు కాదు కాబట్టి అడుగుతుంది, అంతే.

మొదటి బూట్ 15 నిమిషాల వరకు పట్టవచ్చు. అది దాటితేనే అనుమానించండి. కారణం చాలావరకు ఫార్మాట్ మరచిపోవడమో, గూగుల్ ప్యాకేజీ సంఖ్య తప్పడమో.

గూగుల్ లేకుండా వాడదలచినవాళ్ళకి: తెలుగు అక్షరాలకి ఏమీ చేయక్కర్లేదు, నోటో తెలుగు ఫాంటు ఆండ్రాయిడ్‌లోనే ఉంటుంది. టైపింగ్‌కి ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్ స్టోర్ నుంచి ఇండిక్ కీబోర్డ్ వేసుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకోవచ్చు.

లినేజ్ వేసినా బాగుపడనిది ఒకటి చెప్పాలి. ఎస్5ఈని అడ్డంగా, ముందు కెమెరా ఎడమకి వచ్చేలా పట్టుకుని, కింది ఎడమ మూలని అరచేత్తో మూస్తే వైఫై సిగ్నల్ పడిపోతుందని టాబ్ వచ్చిన 2019లోనే ఫిర్యాదులొచ్చాయి. అది హార్డ్‌వేర్ లోపం. తిప్పి పట్టుకోవడమే మందు.

వెనక్కి వెళ్ళాలంటే కంపెనీ ఫర్మ్‌వేర్‌ని ఓడిన్‌తోనే ఎక్కించాలి. భారత్ మోడల్‌కి ప్రాంత కోడ్ ఐఎన్ఎస్. బిల్డ్ నంబరులో చివరి నుంచి అయిదో అక్షరం బూట్‌లోడర్ మెట్టు. మీ టాబ్‌లో ఉన్నదానికన్నా తక్కువ అంకె ఉన్న ఫైలు ఎక్కదు, 'ఎస్‌డబ్ల్యూ రెవ్ చెక్ ఫెయిల్' అంటుంది. లినేజ్ ఉండగా మాత్రం బూట్‌లోడర్ మళ్ళీ లాక్ చేయకండి. అనధికారిక సిస్టమ్‌ని అది తెరవనివ్వదు, కంపెనీ ఫైళ్ళు మళ్ళీ ఎక్కించేదాకా టాబ్ లేవదు.

ఆ తర్వాత అప్‌డేట్లు సెట్టింగ్స్‌లోని అప్‌డేటర్‌లోనే వస్తాయి, గూగుల్ యాప్‌లు వాటంతటవే నిలుస్తాయి. 21 నుంచి 22 లాంటి పెద్ద మెట్టు ఎక్కేటప్పుడు మాత్రం అప్‌డేటర్ సరిపోదు. రికవరీలోకి వెళ్ళి కొత్త లినేజ్, దాని వెంటనే కొత్త సంఖ్య గూగుల్ ప్యాకేజీ, మధ్యలో బూట్ కానివ్వకుండా సైడ్‌లోడ్ చేయాలి. అప్పుడు ఫార్మాట్ అక్కర్లేదు.