నాటు గేదెకు, ముర్రాకు జన్యువులు కలవవన్న మాట నిజం కాదు

ప్రశ్న: నాటు గేదెకు, ముర్రా దున్నకు పుట్టిన మా గేదెకు నాలుగుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి కట్టలేదు. జన్యువులు కలవకపోవడమే కారణమని మందుల దుకాణంలో చెప్పి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇక మా దున్నతోనే దాటించమంటారా? ఈ గేదె తండ్రి అదే. – ఒక పాడి రైతు

జవాబు: దాటించవద్దు. జన్యువులు కలవవన్న మాటా మరిచిపోండి. మన నాటు గేదె, ముర్రా రెండూ నది రకమే. భారత ఉపఖండంలో వేల ఏళ్ల కిందట మచ్చికైన ఈ రకానికి 50 క్రోమోజోములు. తూర్పున విడిగా మచ్చికైన చిత్తడి రకానికి 48. ఆ రెండు రకాలు కలిసినా 49 క్రోమోజోములతో దూడ పుడుతుంది, పెరిగి ఈనుతుంది కూడా. అలాంటప్పుడు ఒకే రకంలో పేచీ ఎక్కడిది? ఆవు వేరే జాతి, దానికి 60 ఉంటాయి. గేదెకు ఆవు వీర్యం మాత్రం పనికిరాదు.

మీ గేదెది మూగ ఎద అని నా అనుమానం. వేసవిలో గేదెలు అరవకుండా, తీగలు (మానం నుంచి కారే జిగురు) పెద్దగా వేయకుండానే ఎదకు వచ్చి పోతాయి. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక గమనించండి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. తీగలు అద్దంలా ఉండాలి. చీము కలిస్తే ఆ ఎదకు వేయించక, ముందు పశువైద్యుడితో గర్భాశయానికి చికిత్స చేయించండి. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. ఎండ వేళ రెండు మూడుసార్లు ఒంటిపై నీళ్లు చల్లండి. 21 రోజులకు మళ్లీ ఎదకు వచ్చిందేమో చూడండి, రాకపోతే 60 రోజులకు చూడి పరీక్ష చేయించండి.

గర్భాశయాన్ని పరీక్షించకుండా హార్మోన్ ఇవ్వడం మహా తప్పు. అది ప్రోస్టాగ్లాండిన్ అయితే, చూడితో ఉన్న గేదె ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. మందులు అమ్మేవారి మాట మీద ఇంజెక్షన్లు వేయించకండి.

ఇక ఆ దున్న సంగతి. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. తండ్రినీ కూతురినీ కలిపితే పుట్టే దూడలో అంతఃప్రజననం (దగ్గరి రక్తసంబంధీకులను కలపడం) 25 శాతం. బలహీనమైన దూడలు, ఆలస్యంగా ఎదకు వచ్చే పడ్డలు, తగ్గే పాలు అలాగే వస్తాయి. ఊరంతా ఒకే దున్నను ఏళ్ల తరబడి వాడుతుంటే మేలుజాతి అన్న పేరే మిగులుతుంది. ఘనీకృత వీర్య కేంద్రాల్లో దున్నల క్రోమోజోములనూ, బ్రుసెల్లోసిస్ వంటి రోగాలనూ పరీక్షించాకే వీర్యం సేకరిస్తారు. ఆ వీర్యం నింపిన గొట్టం మీద దున్న సంఖ్య ఉంటుంది. సూది వేయించిన ప్రతిసారీ తేదీతో పాటు దాన్ని రాసిపెట్టుకోండి. రేపు ఆ దూడకు సూది వేయించేటప్పుడు అదే సంఖ్య ఉన్న వీర్యం వద్దని చెప్పండి.