జుట్టుపోలిగాణ్ణి స్టూడియో మళ్ళీ నిలబెట్టగలదా?

ప్రశ్న ఇది: ఏదైనా స్టూడియో మన తోలుబొమ్మలాటను, అందులోనూ ఆట మధ్యలో వచ్చి నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యాన్ని, ఓటీటీ సిరీస్‌గా తీస్తే ఆడుతుందా? "అమెరికా టీవీ బొమ్మలు మప్పెట్లనే డిస్నీ నిలబెట్టలేకపోయింది, ఇదెంత" అని కొందరు, "అంత అందమైన బొమ్మల్ని జనం చూడకుండా ఉంటారా" అని కొందరు వాదించుకుంటున్నారు.

రెండు వాదాలూ బొమ్మ చుట్టూనే తిరుగుతున్నాయి. అసలు చూడాల్సింది బొమ్మను కాదు. ఆడించే చెయ్యి, పలికే నోరు ఒకే మనిషివా కాదా అన్నది చూడాలి. స్టూడియో ఆ రెంటినీ విడదీసిందంటే తెర మీద తోలు ముక్కలు కదుల్తాయి, అంతే. విడదీయకపోతే, వెలుతురు, మైకులు, కెమెరా తంటాలన్నీ సర్దుకునేవే.

ముందు మప్పెట్ల సంగతి. 1976 నుంచి 1981 దాకా 120 ఎపిసోడ్లు నడిచిన అసలు షోలో బొమ్మ తలలో చెయ్యి పెట్టినవాడే అప్పటికప్పుడు మాట్లాడేవాడు. గొంతు పైకి లేస్తే మణికట్టు కూడా దాంతోపాటు లేచేది. 2004లో డిస్నీ ఆ బొమ్మల్ని కొనింది. 2011 సినిమా బాగా ఆడింది. 2015లో వచ్చిన సిరీస్ 16 ఎపిసోడ్లకే ఆగింది, 2023 నాటి మప్పెట్ల సిరీస్ "మేహెమ్" 10 ఎపిసోడ్లతో సరి. ఈ రెండింటిలో కూడా చెయ్యీ గొంతూ ఒకరివే, ఆడించడంలో వంక పెట్టేదేం లేదు. కానీ 2015లో వాళ్ళు స్టేజి షోను పక్కకు నెట్టి, ఆఫీసు గొడవలు, ప్రేమ గోలలు ముందుకు తెచ్చారు. బొమ్మ అదే, చెయ్యి అదే, ఆట మారిపోయింది. కాబట్టి నేను చెప్పేది ఉండి తీరాల్సిన షరతే గానీ, అదొక్కటి ఉంటే చాలని కాదు.

"డార్క్ క్రిస్టల్" అనే 2019 నాటి బొమ్మల సిరీస్‌లో పేరున్న నటుల గొంతులు వాడారు కదా, అది బాగానే ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు. నిజమే. అక్కడ సెట్‌లో ఆడించేవాళ్ళు డైలాగు చెప్తూనే ఆడించారు, ఆ కదలికకు తగ్గట్టు తర్వాత నటుల గొంతులు ఎక్కించారు. మన దగ్గర చేసేది దీనికి తిరగేసి: ముందు డబ్బింగ్ థియేటర్‌లో మాట రికార్డు చేసి, స్పీకర్‌లో వేసి, "దీనికి బొమ్మ ఆడించండి" అంటారు. చెయ్యి ఎప్పుడూ కాస్త వెనకబడుతుంది. చూసేవాళ్ళకు ఏం తేడా కొట్టిందో చెప్పలేరు గానీ ఛానెల్ మార్చేస్తారు.

ఇప్పుడు మన బొమ్మ. సిరీస్ తీస్తామనే ఎవరైనా ముందు వెళ్ళేది ధర్మవరం పక్కన నిమ్మలకుంటకే. పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆ ఊరి తోలుబొమ్మ కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ బొమ్మలకు కొదవ లేదు. లాంప్ షేడ్లు, గోడకు తగిలించే పటాలు అమ్ముకుని బతికే కుటుంబాలు ఎక్కువ కాబట్టి చర్మం శుభ్రం చేసి, చిల్లులు కొట్టి, రంగులద్దే చేతులు బాగానే ఉన్నాయి. రాత్రంతా పద్యం ఎత్తుకుని ఆడే గొంతులే తక్కువ, అవీ పెద్ద వయసువాళ్ళవి. స్టూడియో నలభై బొమ్మలకు ఆర్డరిస్తే వచ్చేస్తాయి. వాటిని ఆడే నలుగురు దొరుకుతారా అన్నది ముందు చూసుకోవాలి. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఈ కుటుంబాల పెద్దలకు తెలుగు పద్యం నోటి మీద ఉంటుంది, కాగితం మీద ఉండదు. స్క్రిప్టు చేతికిస్తే మాట బిగుసుకుపోతుంది.

చర్మం గురించి రెండు మాటలు. పాత రోజుల్లో దేవుళ్ళకు, ఇతిహాస వీరులకు కృష్ణజింక తోలు, భీముడికి, రావణుడికి దెబ్బలకు ఓర్చుకునే దుప్పి తోలు, తక్కిన అందరికీ మేక తోలు. ఇప్పుడు వన్యప్రాణి చట్టం వల్ల అన్నీ మేకే. మామూలు బొమ్మకు ఒక చర్మం చాలు. రావణుడికి కనీసం నాలుగు కావాలి: ఒంటికి ఒకటి, కాళ్ళకు ఒకటి, రెండు వైపులా ఉండే అయిదేసి చేతులకు ఒక్కోటి. బడ్జెట్ వేసేవాళ్ళు తలకాయలు లెక్కపెట్టి చర్మాలు మర్చిపోతారు. ప్లాస్టిక్ షీట్ మీద లేజర్‌తో కోయిస్తే చవక అని కొందరంటారు. వెలుతురు దాన్లోంచి ఒకే మాదిరి వస్తుంది, తోలు నరం కనిపించదు, చెయ్యి వేలాడాల్సిన చోట టకటకమంటుంది. పైగా ఆంధ్ర తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, ప్లాస్టిక్‌కు ఆ పేరు పెడితే గొడవ కొనితెచ్చుకున్నట్టే.

రంగు దగ్గర జరిగే తప్పు: ఆర్ట్ డైరెక్టర్ బొమ్మను చేతిలో పట్టుకుని చూసి, "రంగు పల్చగా ఉంది" అని పోస్టర్ కలర్ పట్టిస్తాడు. అది వెలుతురును ఆపేస్తుంది, తెర మీద అంతా నల్లగా పడుతుంది. తోలు లోపలికి ఇంకే రంగే వాడాలి, రెండు వైపులా వాడాలి. బొమ్మ బాగుందో లేదో చేతిలో పెట్టుకుని కాదు, బల్బుకు అడ్డం పట్టి చూడండి.

తెర కొలత ముందే లెక్క వేసుకోండి. వైడ్‌స్క్రీన్ నిష్పత్తి 16:9. పదడుగుల వెడల్పు తెరను ఫ్రేమంతా నింపితే ఎత్తు అయిదడుగుల ఏడున్నర అంగుళాలే వస్తుంది. ఆరడుగుల బొమ్మ తల తెగుతుంది. పన్నెండడుగుల వెడల్పు పెడితే ఆరడుగుల తొమ్మిదంగుళాలు, అప్పుడు బొమ్మకు పైన కాస్త గాలి ఉంటుంది. రీల్స్ కోసం నిలువు ఫ్రేమ్ కావాలంటే పోలిగాడొక్కడే పడతాడు, బంగారక్క బయటికి పోతుంది. వాళ్ళ హాస్యమంతా ఒకరి మీద ఒకరు పడి తిట్టుకోవడంలోనే ఉంది కాబట్టి ఆ ఫ్రేమ్ వదిలేయడం మేలు. తెరకు పాత ఉతుకుడు పంచె లాంటి నూలు బట్ట కట్టండి. పాలిస్టర్ మెరుస్తుంది, బల్బు గుండ్రంగా ముందుకు కనబడుతుంది.

వెలుతురు ఆముదం దివ్వెల నుంచి పెట్రోమాక్సుకు, అక్కణ్ణించి బల్బుకు వచ్చింది. ఎల్‌ఈడీకి వచ్చేసరికే ఇబ్బంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. ఫిలమెంట్ వేడిగా ఉంటుంది కాబట్టి ఆ దిగుడు పెద్దగా తెలీదు. చవక ఎల్‌ఈడీలో తెలుస్తుంది, డిమ్మర్ పెడితే ఇంకా ఘోరం. కెమెరాను 25 ఫ్రేములు, షట్టర్ 1/50కి పెడితే చాలావరకు తగ్గుతుంది. "సినిమా లుక్" కోసం 24 ఫ్రేములు, 1/48 పెట్టినప్పుడే తెర అలలు కొట్టినట్టు కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, ఎర్ర చీర బంగారక్క లోపలికి రాగానే తెర నీలంగా తిరుగుతుంది. 3200 కెల్విన్ దగ్గర గట్టిగా పెట్టేసి, ఫిలమెంట్ బల్బు ఇచ్చే పసుపును కొంచెం అట్లే ఉండనీయండి. ముందు వైపు నుంచి ఏ వెలుతురూ తెర మీద పడకూడదు. సెట్‌లో మానిటర్ వెలుగు పడినా రంగులు వెలిసిపోతాయి.

బొమ్మ తెరకు ఆనుకుంటేనే గీత పదునుగా ఉంటుంది. జానెడు వెనక్కి పోతే నీడ ఉబ్బి అలుక్కుపోతుంది. దీన్నే ఆటగాళ్ళు వాడుకుంటారు: బొమ్మ ముఖం ఎడమ నుంచి కుడికి తిప్పాలంటే బొమ్మను నిలబెట్టే నడిమి బద్దను కొంచెం వెనక్కి లాగి, చటుక్కున తిప్పి, మళ్ళీ తెరకు ఆనిస్తారు. మధ్యలో బొమ్మ సన్నని గీతలా అయిపోయే క్షణం ఆ మసకలో కలిసిపోతుంది. స్టూడియోవాళ్ళు ఎక్కువ ఫ్రేములు తీసి దాన్ని స్లో మోషన్‌లో చూపించారంటే మాయ పోయినట్టే. నిలబడి ఉండాల్సిన బొమ్మల్ని ఈత ముళ్ళతో తెరకు గుచ్చుతారు, ఆటగాడి చెయ్యి ఖాళీ అవుతుంది. ముళ్ళు కనబడుతున్నాయని గ్రాఫిక్స్‌లో చెరపొద్దు, చేతి కర్రలను కూడా చెరపొద్దు. చెరిపిన చోట బొమ్మ గాల్లో తేలినట్టు ఉంటుంది.

ఇంకో పెద్ద ఆశ: నోరు కదిలించాలి. మన బొమ్మల్లో చాలావాటికి నోరు కదలదు. ఎవరు మాట్లాడుతున్నారో చెయ్యి చెప్తుంది, ఒళ్ళంతా చిన్నగా ఊగడం చెప్తుంది. తక్కిన బొమ్మ ఆ సేపు కదలకుండా ఉండాలి. కంప్యూటర్‌లో పెదాలు అతికిస్తే చూసేవాడి కన్ను చేతిని వదిలేసి నోటికి అంటుకుంటుంది. అదే కారణంగా క్లోజప్‌లు తక్కువ పెట్టుకోండి. కావాలంటే ముఖం, ఒక చెయ్యి మాత్రమే ఉండే పెద్ద బొమ్మ వేరే చేయించాలి, చెయ్యి లేకుండా వద్దు.

కీళ్ళు చూసుకోవాలి. భుజం, మోచెయ్యి ముడులు బిగువుగా ఉంటే చెయ్యి లేచిన చోటే ఉండిపోతుంది, వదులైతే గంటలా ఊగుతుంది. కర్ర వదలగానే చెయ్యి ఒకసారి ఊగి ఆగాలి, అదీ సరైన ముడి. ప్రతి పాత్రకు రెండో బొమ్మ ఉంచుకోండి. ఏసీ హాలులో పచ్చితోలు ఆరిపోయి అంచులు చుట్టుకుంటాయి, మొదట అరచేతులే లేస్తాయి. అప్పుడు నీళ్ళు చిలకరిస్తే రంగు పాకుతుంది. తడి పిండేసిన బట్ట పైపైన ఆనించి, రాత్రంతా చదునైన బరువు కింద పెట్టాలి. వానాకాలం దీనికి తిరగబడి మెత్తబడి వంగిపోతాయి. షూటింగ్ లేనప్పుడు తగిలించొద్దు, ఎలుకలకు అదే విందు.

శబ్దం దగ్గర ఎక్కువమంది పోగొట్టుకునేది కాళ్ళ కింది చెక్కలు. యుద్ధం వచ్చినా, గుర్రం వచ్చినా ఆటగాడు చెక్కల మీద కాళ్ళతో కొట్టి ఆ మోత పుట్టిస్తాడు. సౌండ్ ఇంజనీరు దాన్ని గోల అనుకుని ఫిల్టర్ చేసేస్తాడు. నేల దగ్గర దానికొక మైకు వేరే పెట్టండి. చొక్కాకు పెట్టే చిన్న మైకు పనికిరాదు, చెయ్యి లేచిన ప్రతిసారీ గరగరమంటుంది. తెరకు పైన వేలాడే మైకు ఒకటి, హార్మోనియం, మృదంగం దగ్గర ఒకటి చాలు.

ఇక పోలిగాడి మాట. అతను రామాయణం మధ్యలో దూరి ఊరి ప్రెసిడెంటును, కరెంటు కోతను, పెళ్ళిళ్ళ కట్నాలను తిడతాడు. అందులో బూతు కూడా ఉంటుంది, దాన్ని కత్తిరించమని స్టూడియో తప్పకుండా అంటుంది. కొంత కత్తిరించినా బతుకుతాడు గానీ, సీమ మాట తీసేసి కోస్తా డబ్బింగ్ పెడితే బతకడు. సీను పది పాయింట్లుగా రాసివ్వండి, మాటలు రాయొద్దు. మూడుసార్లు ఆడనివ్వండి, నచ్చిన ఒక్కటే పూర్తిగా వాడండి. మొదటి టేకులోని సగం, మూడో టేకులోని సగం కలిపితే తాళం కుదరదు. ఎపిసోడ్ పన్నెండు నిమిషాలకు మించొద్దని నా అభిప్రాయం. తెల్లవార్లూ ఆడే ఆటను అంతలోకి కుదించడం అన్యాయమని పెద్దలు అంటారు, వాళ్ళ మాటా కాదనలేం. అందుకే రామాయణం కథను ముట్టుకోకుండా ముందు హాస్యగాళ్ళ సీన్లతో మొదలుపెట్టమంటున్నా. అవి చిన్నవి, దేనికదే పూర్తి.

స్టూడియో నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, ఒప్పందానికి ముందు ఒక సాయంత్రం పెట్టి ఈ పని చేయండి. ఉతికిన పంచె ఒకటి, నూరు వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి, రెండు బొమ్మలు, ఇద్దరు ఆటగాళ్ళు, స్టాండ్ మీద ఒక ఫోను. మూడు నిమిషాల సీను ఒకసారి వాళ్ళ గొంతుతో వాళ్ళనే ఆడనివ్వండి. ఇంకోసారి అదే సీనును ముందు రికార్డు చేసి, స్పీకర్‌లో వేసి ఆడించండి. రెండు వీడియోలూ ఏమీ చెప్పకుండా ధర్మవరం మగ్గాల దగ్గర పదిమందికి చూపించండి. వాళ్ళు ఎక్కడ నవ్వారో సెకన్లతో సహా రాసుకోండి. రెండో వీడియోలో నవ్వులు సగానికి పడిపోతే, డబ్బింగ్ థియేటర్‌కు పెట్టిన డబ్బు తీసి ఆటగాళ్ళ రిహార్సల్ కూలికి మార్చండి.