గిట్‌హబ్‌లో పబ్లిక్ కోడ్ తీసుకోవడానికి అకౌంట్ కావాలా? జిప్ ఎందుకు పనిచేయట్లేదు?

ప్రశ్న: ఒంగోలులో ఇంజినీరింగ్ ఫైనలియర్. రొయ్యల చెరువులో ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే ప్రాజెక్టు, ఈఎస్‌పీ 32 అనే చిన్న వైఫై బోర్డు మీద చేస్తున్నా. ఆ బోర్డుకి ప్రోగ్రాం రాయడానికి వాడే ఈఎస్‌పీ-ఐడీఎఫ్ (ఐడీఎఫ్) అనే కోడ్‌ని గిట్‌హబ్ నుంచి క్లోన్ (కాపీ) చేయబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. జిప్ దించితే బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రాం తయారవడం) అవట్లేదు. ప్రాజెక్టు సెంటర్ వాళ్ళు మొత్తం సోర్స్ కోడ్ ఇస్తామని వేలల్లో అడుగుతున్నారు. కొనుక్కోవడమే నయమా? నాకున్న నెట్ ఫోన్ హాట్‌స్పాటే.

జవాబు:

కొనొద్దు తమ్ముడూ. నువ్వు చేస్తున్నలాంటిదే అల్లూరు దగ్గర మా బాబాయి చెరువులకి నేను పెట్టాను, ఇప్పటికీ నడుస్తోంది. అందులో నేను రాసిన కోడ్ కొంచెమే, మిగతాదంతా పబ్లిక్ రిపాజిటరీల (కోడూ దాని మార్పుల చరిత్రా ఉండే ఫోల్డర్ల) నుంచి తెచ్చుకున్నదే, దానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టలేదు. సెంటర్‌లో ఇచ్చే సీడీలో ఏముంటుందో నీకు తెలిసే అవకాశం లేదు, ఎవరు రాశారో, ఏ వెర్షనో, ఎందుకు అలా రాశారో ఏదీ ఉండదు. అదే కోడ్ రిపాజిటరీలో ఈ వివరాలన్నిటితో సహా అందరికీ తెరిచే ఉంది.

ముందు యూజర్‌నేమ్ సంగతి. పబ్లిక్ రిపాజిటరీని హెచ్‌టీటీపీఎస్ అడ్రసుతో క్లోన్ చేయడానికి అకౌంటూ అక్కర్లేదు, లాగినూ అక్కర్లేదు. మరి నిన్నెందుకు అడిగిందంటే, చాలావరకు అడ్రసులో ఒక అక్షరం తేడా పడి ఉంటుంది. ఆ పేరుతో రిపాజిటరీ లేకపోయినా, ఉండి అది ప్రైవేటుదైనా గిట్‌హబ్ ఒకేలా స్పందిస్తుంది. ప్రైవేటు రిపాజిటరీ ఉందన్న సంగతే బయటివాళ్ళకి తెలియకూడదు కదా, అందుకని లేదు అని చెప్పకుండా ముందు నువ్వెవరో చెప్పమంటుంది. అది చూసి మెంబర్‌షిప్ కావాలేమోనని చాలామంది వెనక్కి తగ్గుతారు. అకౌంట్ తెరిచి అసలు పాస్‌వర్డ్ కొట్టినా లాభం లేదు, 2021 ఆగస్టు నుంచి గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పనులకి గిట్‌హబ్ మామూలు పాస్‌వర్డ్ తీసుకోవడమే మానేసింది. కంట్రోల్-సీ కొట్టి బయటికొచ్చెయ్. బ్రౌజర్‌లో లాగిన్ లేకుండా ఆ పేజీ తెరువు, తెరుచుకుంటే అది పబ్లిక్‌దే. అక్కడ ఆకుపచ్చ రంగులో కోడ్ అనే బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి హెచ్‌టీటీపీఎస్ కింద ఉన్న అడ్రసు కాపీ చేసుకో, చేత్తో టైప్ చేయకు. పక్కనే ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ అడ్రసు వాడితే మాత్రం పబ్లిక్ దానికైనా కీ అడుగుతుంది, ప్రస్తుతానికి దాని జోలికి పోకు.

ఇక జిప్. చిన్న ప్రాజెక్టులకి జిప్ బాగానే పనిచేస్తుంది. ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌కి మాత్రం ఆ బటన్‌తో వచ్చే జిప్ పనికిరాదు, దాన్ని తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట రాశారు. కారణం సబ్‌మాడ్యూల్స్. ఐడీఎఫ్ లోపల వేరేవాళ్ళు రాసిన కోడ్ చాలా ఉంది, అవన్నీ విడివిడి రిపాజిటరీలు, ఐడీఎఫ్‌లో వాటి అడ్రసూ ఏ కమిట్ (సేవ్ చేసిన మార్పు) కావాలో ఆ గుర్తూ మాత్రమే ఉంటాయి. కొత్తపట్నం కుర్రాడొకడు నీలాగే జిప్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. కాంపొనెంట్స్ ఫోల్డర్ తెరిచి, లోపల ఎల్‌డబ్ల్యూఐపీ (నెట్‌వర్క్ కోడ్), దాని లోపల మళ్ళీ ఎల్‌డబ్ల్యూఐపీ చూపించాను. ఖాళీ. ఎంబెడ్‌టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ కోడ్) కూడా అంతే. నెట్‌వర్క్ కోడే లేకుండా బిల్డ్ ఎక్కడినుంచి అవుతుంది? నీ దాంట్లో కూడా ఈ రెండూ తెరిచి చూడు. జిప్పే కావాలనుకుంటే రిలీజెస్ పేజీలో సబ్‌మాడ్యూల్స్ కలిపి వాళ్ళే పెట్టిన పెద్ద జిప్ ఉంటుంది, అది తీసుకో.

హాట్‌స్పాట్ మీద క్లోన్ చేసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. గిట్ క్లోన్ మధ్యలో తెగితే ఆగినచోట నుంచి అందుకోదు, మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని మొత్తం ఒకేసారి లాగకుండా, ముందు గిట్ క్లోన్ --డెప్త్ 1 అని, -బి తర్వాత నీకు కావలసిన రిలీజ్ ట్యాగ్ (వెర్షన్ పేరు) ఇచ్చి అడ్రసు పేస్ట్ చెయ్, పాత చరిత్ర లేకుండా ఆ ఒక్క వెర్షనే దిగుతుంది. ఆ తర్వాత ఫోల్డర్ లోపలికెళ్ళి గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్ --డెప్త్ 1. ఇది తెగినా టెన్షన్ పడకు, అదే కమాండ్ మళ్ళీ కొడితే దిగినవాటిని వదిలేసి మిగిలినవే తెస్తుంది. మా చెరువు గట్టు మీద సిగ్నల్ ఎలా ఉంటుందో తీరం వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, అక్కడ కూడా ఈ పద్ధతిలో మొత్తం దిగింది.

కాలేజీలో మంచి వైఫై దొరికిన రోజు గిట్ ఫెచ్ --అన్‌షాలో కొట్టి ఆ వదిలేసిన చరిత్ర కూడా తెచ్చుకో, దీన్ని మాత్రం వదలొద్దు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ని లినక్స్ కెర్నల్ పని కోసం రాసినప్పుడే ప్రతి కాపీలో పూర్తి చరిత్ర ఉండేలా కట్టాడు, అంటే అసలు రాసినవాళ్ళ దగ్గర ఉన్నదే నీ ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. నేను వాడిన ఒక లైబ్రరీలో వైఫై తెగితే మళ్ళీ కలిపే చోట ఒక షరతు ఉంది, అదెందుకో ఎంత చదివినా అంతుపట్టలేదు. గిట్ బ్లేమ్ కొడితే ఆ లైను ఏ కమిట్‌లో వచ్చిందో చూపించింది. రౌటర్ కంటే బోర్డు ముందు ఆన్ అయితే ఇక కలవడం లేదని, దానికోసమే ఆ షరతు పెట్టామని ఆ కమిట్ మెసేజ్‌లో ఉంది. చెరువు దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేది సరిగ్గా అదే! ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కడో కూర్చుని రాసిన నాలుగు లైన్ల వల్ల, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ మా బాబాయికి మెసేజ్ అందుతోంది. ఓపెన్ సోర్స్ అంటే నాకంత గౌరవం అందుకే. (బోర్డుకీ రౌటర్‌కీ బ్యాటరీ పెట్టడం మరిచిపోకు, లేదంటే కరెంటు పోయిందని చెప్పాల్సింది కూడా కరెంటుతోపాటే పోతుంది.)

చివరగా లైసెన్స్. కోడ్ కనిపిస్తోంది కదా అని ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చని కాదు. రిపాజిటరీలో లైసెన్స్ అనే ఫైలు ఉంటుంది, అది లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్ళవే, చదువుకోవచ్చు గానీ నీ ప్రాజెక్టులో పెట్టుకోవడానికి వాళ్ళని అడగాలి. ఐడీఎఫ్‌ది అపాచీ 2.0, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కాకపోతే లైసెన్స్ కాపీ జతచేయాలి, మార్చిన ఫైళ్ళలో మార్చినట్టు రాయాలి. ఎంఐటీ అయితే కాపీరైట్ లైనూ లైసెన్స్ మాటలూ తీసేయకుండా ఉంచితే చాలు. జీపీఎల్ అయితే నువ్వు ఆ ప్రోగ్రాం ఎవరికైనా ఇచ్చినప్పుడు సోర్స్ కూడా ఇవ్వాలి. ప్రాజెక్టు రిపోర్టులో ఏ రిపాజిటరీ, ఏ ట్యాగ్, ఏ లైసెన్స్ అన్నది ఒక పేజీలో రాసి, నువ్వు సొంతంగా రాసిన ఫైళ్ళ పేర్లు విడిగా పెట్టు. వైవాలో ఎక్స్‌టర్నల్ మొదట అడిగేది అదే.